పొగాకు బేలు, ఎనిమిదో అధ్యాయం

సంక్రాంతికి మా అక్క వాళ్లు సింగరాయకొండ నుంచి వచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మేనల్లుడు వచ్చి నా మంచం మీద కూర్చుని, "మావయ్యా, ఇన్వెస్ట్‌మెంట్ మీద ఏ పుస్తకాలు చదవమంటావు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఫోన్‌లో ఒక జాబితా చూపించాడు. పది పుస్తకాలు, పక్కన పది అట్టబొమ్మలు. "ఇవన్నీ చదివేస్తే చాలంట కదా?"

ఆ పదింటిలో ఆరు నా బీరువాలో ఉన్నాయి. వాటిని తప్పుపట్టను. కానీ ఏది ముందు చదవాలి, ఏది తర్వాత, ఏది అసలు అక్కర్లేదు అన్నది ఆ జాబితాలో లేదు. దాన్ని రాసినవాడికి మా అక్క వాళ్లింట్లో రెండు చీటీలు నడుస్తున్నాయని, బావ పొలం మీద బ్యాంకు లోను ఉందని, వీడు ఇప్పటికే షేర్ల ధర పెరుగుతుందా తగ్గుతుందా అని పందెం కాసే ఆప్షన్లలో వేలు పెట్టాడని ఎలా తెలుస్తుంది? నాకు తెలుసు కాబట్టి నా జాబితా వేరుగా ఉంటుంది. ధర నచ్చనప్పుడు "వద్దు" అని చెప్పగలిగే స్థితిలో ఉన్నవాడికే ఈ పుస్తకాలు పనికొస్తాయి. ఆ స్థితిని ఏ పుస్తకమూ తెచ్చిపెట్టదు. నేను లెక్కల మాస్టర్ని, షేర్ల నిపుణుణ్ణి కాదు. ఇది మాత్రం డబ్బు కట్టి నేర్చుకున్నాను.

2006లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. 2007 వచ్చేసరికి మా స్టాఫ్ రూములో పాఠాల కంటే షేర్ల కబుర్లే ఎక్కువ. ఫలానా కరెంటు కంపెనీ, ఫలానా రోడ్ల కంపెనీ అంటూ ఇంటర్వెల్ బెల్లు కొట్టినా ఎవరూ లేచేవాళ్లు కాదు. నేనూ ఒక చీటీ పాడి, చేతికొచ్చిన తొంభై వేలూ తీసుకెళ్లి ఒంగోలులో ఒక బ్రోకరు ఆఫీసులో కట్టాను. 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేలు దాటింది. ఆ వారం నేను స్టాఫ్ రూములో పూతరేకులు పంచాను, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. 2009 మార్చికి అదే సెన్సెక్స్ 8 వేల దగ్గరికి దిగింది. నా తొంభై వేలు ముప్పై ఒక్క వేలయ్యాయి. సరిగ్గా ఆ నెలలోనే అమ్మేశాను.

భయపడి అమ్మానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అది సగం నిజం. చీటీ ఎత్తుకున్నవాడు నెలనెలా వాయిదా కట్టాలి. అది కట్టగా మిగిలిన జీతంతో ఇల్లు గడవడమే కష్టంగా ఉంటే, మా ఆవిడ కాన్పు ఖర్చు ముందుకొచ్చింది. అమ్ముకోవడానికి ఇంట్లో ఉన్నవి ఆ షేర్లే. ఏడాది తిరిగేసరికి సెన్సెక్స్ మళ్లీ 17 వేలు దాటింది. నేను కొన్నవన్నీ అంత లేవలేదు, అది వేరే సంగతి. ఉంచుకోవాలా అమ్మాలా అని ఆలోచించే వీలే నాకు లేకపోయింది, నా బాధంతా అదే.

తర్వాత ఒకసారి హైదరాబాదు వెళ్లినప్పుడు, ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద అమ్మే పుస్తకాల్లో బెంజమిన్ గ్రాహం రాసిన ‘ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్’ దొరికింది. నీళ్లు తగిలి అట్ట ఉబ్బిన పుస్తకం. మొదట 1949లో అచ్చయింది. నాకు దొరికింది జేసన్ జ్వైగ్ వ్యాఖ్యానం కలిపి 2003లో వేసిన కూర్పు. నాది తెలుగు మీడియం చదువు. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ అమెరికా బాండ్ల దగ్గర నిద్రపోయాను. నాలుగోసారి మొదట్లో వారెన్ బఫెట్ రాసిన ముందుమాట చదివితే, 8, 20 అధ్యాయాల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టమని ఉంది. సరే అని తిన్నగా ఎనిమిదికి వెళ్లాను.

అందులో గ్రాహం ఒక మనిషిని కల్పిస్తాడు, పేరు మిస్టర్ మార్కెట్. ఒక వ్యాపారంలో మీకు చిన్న వాటా ఉంది, ఈయన మీ భాగస్వామి. రోజూ మీ దగ్గరికి వచ్చి ఒక ధర చెబుతాడు. ఆ ధరకి మీ వాటా కొంటానంటాడు, లేదంటే తన వాటా అమ్ముతానంటాడు. ఒకరోజు ఉత్సాహంతో ఊగిపోతూ పెద్ద ధర చెబుతాడు, ఇంకోరోజు లోకం మునిగిపోతున్నట్టు చిన్న ధర. ఆయన చెప్పింది మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకోకపోయినా ఆయనేమీ అనుకోడు, రేపు మళ్లీ వస్తాడు.

ఇది చదువుతుంటే నాకు టంగుటూరు పొగాకు వేలం కేంద్రం కళ్లముందు కనిపించింది.

మా నాన్నకి పొగాకు పచ్చాకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ ఒకటి ఉండేది. ఆకు ఎక్కించిన వారమంతా రాత్రీ పగలూ మంట చూసుకోవాలి, వేడి కొంచెం అటూ ఇటూ అయితే ఆకు రంగు మారిపోతుంది. వేసవిలో ఆరిన ఆకుని పెద్ద మూటల్లాంటి బేళ్లు కట్టి వేలానికి తోలేవాళ్లం. నేను ఎనిమిదో తరగతిలో మొదటిసారి వెంట వెళ్లాను. పెద్ద షెడ్డు. నేల మీద వరసలుగా బేళ్లు, ఒక్కో బేలు వెనక ఒక్కో రైతు. బేలు పైన గోనెపట్టా తప్పించి, ఆకు బాగా కనపడేలా నాన్న రెండు చేతులతో సర్దుతున్నాడు. వేలం పాడే మనిషి ముందు, కంపెనీల బయ్యర్లు వెనక, వరస వెంట నడుచుకుంటూ వచ్చారు. ఒకాయన ఆకు ఒకటి లాగి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి పడేశాడు. మా బేలు దగ్గర పది సెకన్లు ఆగారేమో. అంతే, చీటీ మీద ధర పడింది. పక్క వరసలో మాదే ఇంకో బేలు ఉంది. అదే బ్యారన్, అదే కోత, అదే గ్రేడు. దానికి కిలోకి మూడు రూపాయలు తక్కువ పడింది. ఎందుకని అడిగాను. "ఆకు అదేరా. పాడేవాడి మనసు మారింది" అన్నాడు నాన్న.

గ్రాహం ఇరవై పేజీల్లో చెప్పింది నాకు అలా ముందే అందింది, నేనే పట్టించుకోలేదు.

అయితే అసలు విషయం ఆ తర్వాత ఉంది. ధర నచ్చకపోతే రైతు బేలు వెనక్కి తీసుకుపోవచ్చు, అది ఆయన హక్కు. నాన్న ఆ హక్కు ఎన్నిసార్లు వాడుకున్నాడు? నాకు తెలిసి ఒక్కసారి. పంట లోను బ్యాంకులో ఉంటుంది, అమ్మిన డబ్బు ఆ బ్యాంకుకే పోతుంది. కట్టెలవాడికి బాకీ, ఎరువుల కొట్లో బాకీ, కూలీల బాకీ. ఆకు ఇంటికి తెచ్చుకుంటే రంగు తగ్గుతుంది, తేమ పట్టుకుంటుంది. ఇన్ని మెడ మీద ఉన్న మనిషికి వద్దు అనే హక్కు కాగితం మీదే. ఒక ఏడు మాత్రం గేదెల్ని అమ్మి లోను చాలావరకు ముందే కట్టేశాడు. ఆ ఏడు ఆరు బేళ్లు వెనక్కి ట్రాక్టరెక్కించాడు. అమ్మ తిట్టింది. పదిహేను రోజుల తర్వాత మళ్లీ తోలితే నాలుగింటికి ధర పెరిగింది, రెండింటికి తగ్గింది. లాభం పెద్దగా లేదు. కానీ ఆ రోజు షెడ్డులోంచి నాన్న బయటికి నడిచిన తీరు నాకింకా గుర్తుంది.

షేరు పొగాకు కంటే నయం. దానికి గోడౌను అక్కర్లేదు, రంగు పోదు, మంచి కంపెనీదైతే ఉంచుకున్నన్నాళ్లూ లాభంలో వాటాగా డివిడెండు కూడా ఇవ్వొచ్చు. మిస్టర్ మార్కెట్‌తో రేపు రమ్మని చెప్పడం పొగాకు రైతు కంటే షేరున్నవాడికి ఎంతో తేలిక. అలాంటి తేలికైన సరుకును కూడా చీటీ డబ్బుతో కొని, మా నాన్న మెడ మీదున్న కత్తిని నేను కావాలని నా మెడ మీద పెట్టుకున్నాను.

అందుకే మేనల్లుడికి మొదట ఇచ్చింది గ్రాహం కాదు. మోనికా హలన్ రాసిన ‘లెట్స్ టాక్ మనీ’ ఇచ్చాను. 2018లో వచ్చిన మన దేశపు పుస్తకం. ఇందులో ఏ షేరు కొనాలో ఉండదు. జీతం వచ్చే ఖాతా, ఖర్చుల ఖాతా, మదుపు ఖాతా అని మూడు వేరుగా పెట్టుకోమంటుంది. కొన్ని నెలల ఇంటి ఖర్చు ముందు పక్కన పెట్టమంటుంది. బీమా అంటే బీమాయే, దాన్ని పొదుపుతో కలపొద్దంటుంది. మా స్టాఫ్ రూములో తలకి నాలుగు పాలసీలు ఉన్నవాళ్లకి ఈ చివరి మాట మింగుడుపడదు, నాకూ పడలేదు. "ఇదేంటి మావయ్యా, అమ్మకి ఇవ్వాల్సిన పుస్తకం" అన్నాడు వీడు. అమ్మకి కూడా ఇవ్వరా అన్నాను. ఇంగ్లీషుతో ఇబ్బందైనవాళ్లకి షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సంస్థ సెబీ ఉచితంగా ఇచ్చే ఆర్థిక విద్య పుస్తకం తెలుగులో కూడా ఉంది. చప్పగా ఉంటుంది, కానీ అందులో అమ్మేవాడి మాటలు ఉండవు.

ఏ పుస్తకంలోనూ లేని అధ్యాయం ఒకటుంది. మన ప్రకాశం జిల్లాలో షేర్లకి అసలు పోటీ ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదు, నూటికి రెండు రూపాయల వడ్డీ. అమెరికా పుస్తకం పది శాతం గొప్ప అంటుంది. ఇక్కడ మా పక్కింటాయన నవ్వుతాడు. "ఏడాదికి పన్నెండా మాస్టారూ? నా ప్రోనోటు ఇరవై నాలుగు ఇస్తుంది, కూర్చున్నచోటే." ఈ మాటకి జవాబు చెప్పలేకపోతే ఒంగోలులో ఎన్ని పుస్తకాలు చదివించినా దండగే.

జవాబు లెక్కలోనే ఉంది. ఏడాదికి 24 శాతం చొప్పున వడ్డీని కూడా తిప్పుకుంటూ పోతే లక్ష రూపాయలు ఇరవై ఏళ్లలో 73 లక్షలు దాటాలి. మా ఊళ్లో ముప్పై ఏళ్లుగా నోట్లు రాయించుకుంటున్నవాళ్లు ఉన్నారు. అలా అయినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. ఎందుకు కాలేదంటే, మనం వచ్చిన వడ్డీనే చెప్పుకుంటాం, పోయిన అసలు సంగతి ఎత్తం. నాలుగు నోట్లు, ఒక్కోటి లక్ష అనుకోండి. ముగ్గురు మూడేళ్లు సక్రమంగా వడ్డీ కట్టారు: రెండు లక్షల పదహారు వేలు. నాలుగోవాడు మొదటి ఏడే దివాలా అని ఐపీ పెట్టాడు: లక్ష పోయింది. మిగిలింది లక్షా పదహారు వేలు. నాలుగు లక్షల మీద మూడేళ్లకి చూస్తే ఏడాదికి పది శాతం కూడా లేదు. ఇక ప్లీడరు ఫీజు, మూడేళ్లలోపు చెల్లు వేయించుకోకపోతే నోటుకి పట్టే కాలదోషం, ఆ ఇంటికి పెళ్లికి వెళ్లాలా వద్దా అన్న టెన్షన్, ఇవి లెక్కలో వేయలేదు. ఇదే లెక్క పక్కింటాయనకి కాగితం మీద వేసి చూపించాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు.

రెండో పుస్తకం జాన్ బోగుల్ 2007లో రాసిన ‘ది లిటిల్ బుక్ ఆఫ్ కామన్ సెన్స్ ఇన్వెస్టింగ్’. చిన్నది, చెప్పిందే చెబుతాడు, సగం చదివి ఆపేసినా నష్టం లేదు. మార్కెట్ మొత్తాన్ని తక్కువ ఖర్చుతో కొని ఊరుకో అన్నదే ఆయన మాట. సామాన్యుల కోసం ఆయన 1976లో తెచ్చిన, మార్కెట్ సూచీలోని షేర్లన్నీ కొనే ఇండెక్స్ ఫండ్‌కి 15 కోట్ల డాలర్లు వస్తాయనుకుంటే కోటి పైచిలుకే వచ్చాయి, జనం ఎగతాళి చేశారు. మన దగ్గర ఈ పుస్తకం పనికొచ్చేది ఖర్చుల దగ్గర. నెలకి పది వేలు, ఇరవై ఏళ్లు, 12 శాతం అనుకుంటే దాదాపు 99 లక్షలు. అదే 11 శాతమైతే 86.5 లక్షలు. ఒక్క శాతం తేడాకి పన్నెండు లక్షలు పోయాయి. మన దేశంలో 2013 జనవరి నుంచి మ్యూచువల్ ఫండ్లలో డైరెక్ట్ ప్లాన్లు ఉన్నాయి, మధ్యలో ఏజెంటు కమిషన్ ఉండదు. ఏజెంటు మనకి మరీ దగ్గరివాడైతే అడగడానికి మొహమాటం, ఆ మొహమాటం ఖరీదు పైన చెప్పిన లెక్కలో ఉంది.

ఇక్కడొక మాట. 2004 సెప్టెంబరు తర్వాత చేరిన మా టీచర్లకి పాత పెన్షన్ లేదు, కొత్త పెన్షన్ పథకం సీపీఎస్సే. జీతంలో పది శాతం కోసి, ప్రభుత్వం తన వాటా కలిపి ఫండ్లలో పెడుతుంది, అందులో కొంత షేర్లలోకి వెళ్తుంది. సీపీఎస్ మంచిదా చెడ్డదా అన్న గొడవలోకి వెళ్లను, నేనూ ధర్నాల్లో కూర్చున్నవాణ్ణే. కానీ "షేర్లంటే జూదం, మనకెందుకు మాస్టారూ" అనే మా తోటివాళ్ల డబ్బు ఇప్పటికే కొంత అక్కడుంది. ఇష్టమున్నా లేకపోయినా ఆ ఆటలో ఉన్నాం కాబట్టి చదవడం తప్పదు.

పీటర్ లించ్ ‘వన్ అప్ ఆన్ వాల్ స్ట్రీట్’ (1989) గురించి నాకు మిశ్రమ అభిప్రాయం ఉంది. మెజెల్లన్ ఫండ్‌ని 1977 నుంచి 1990 దాకా నడిపి ఏడాదికి సగటున 29 శాతం తెచ్చిన మనిషి. చదవడానికి హాయిగా ఉంటుంది. నీకు తెలిసిన వ్యాపారం వైపు చూడు అంటాడు. వస్తువు నచ్చితే సరిపోదు, లెక్కలు కూడా చూడాలని ఆయనే చెబుతాడు, అది ఎవరూ గుర్తుపెట్టుకోరు. మన తీరంలో ఈ సలహా విన్న ఎవరికైనా ముందు రొయ్యల మేత గుర్తుకొస్తుంది. 2009 తర్వాత వనామి రొయ్య వచ్చాక చెరువుల తీరే మారిపోయింది. మేత తయారుచేసే అవంతి ఫీడ్స్ షేరు ఆ తర్వాతి ఏడెనిమిదేళ్లలో ఎన్నో రెట్లు పెరిగింది. ఆ మేత బస్తాలు మోసినవాళ్లు, అప్పుకి కొన్నవాళ్లు నెల్లూరు నుంచి చీరాల దాకా వేలల్లో ఉన్నారు. "అప్పుడే ఆ షేరు కొని ఉంటే" అన్న నిట్టూర్పు నేను చాలాసార్లు విన్నాను.

నేను ఒప్పుకోను. చెరువున్నవాడికి ఆ షేరు ఎందుకు? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఏమైందో చూశాం. అలాంటప్పుడు చెరువులో రొయ్యకి దెబ్బ, బస్తా అప్పు అలాగే ఉంది, మేత కంపెనీ షేరు కూడా అదే గాలికి ఊగుతుంది. ఇల్లు, పొలం, కూతురి పెళ్లి అన్నీ రొయ్య మీదే ఆధారపడినవాడు పొదుపు డబ్బు రొయ్యకి దూరంగా పెట్టుకోవాలి. అలాగే చీమకుర్తివాడు గ్రానైట్‌కి, మా వాళ్లు పొగాకుకి. తెలిసిన వ్యాపారంలో పెట్టు అన్న మాట జీతం మీద బతికేవాడికి బాగుంటుంది, మనకి తిరగేసి చదవాలి.

లెక్కలు చూడమన్నారు కదా, లెక్కలే అబద్ధమైతే? 2009 జనవరి 7న సత్యం చైర్మన్ రాసిన లేఖ తెలుగువాళ్లం మర్చిపోలేం. కంపెనీ లెక్కల పుస్తకాల్లో చూపించిన నగదు 5,361 కోట్లు, అందులో లేనిది 5,040 కోట్లు అని ఆయనే రాశాడు. అసలు విలువ కంటే బాగా తక్కువ ధరకే కొనమని గ్రాహం చెప్పిన భద్రతా మార్జిన్ పద్ధతిలో ఎంత శ్రద్ధగా చూసినా ఆ నగదు అంకె చూసి ఇంకా ధైర్యం వచ్చేది. మనోడి కంపెనీ అన్న అభిమానంతో ఉన్నదంతా అందులో పెట్టినవాడు మునిగాడు. యాభై పెద్ద కంపెనీల షేర్లు కలిపి కొనే నిఫ్టీ ఫండ్ ఉన్నవాడికి యాభైలో ఒకటి పోయింది, అది పోయిన చోట ఇంకో కంపెనీ వచ్చింది. నేను గ్రాహంని ప్రేమించి, బోగుల్ చెప్పినట్టు నడుచుకోవడానికి కారణం ఇదే. హర్షద్ మెహతా అనే షేర్ బ్రోకరు కుంభకోణం మీద దేబాశిస్ బసు, సుచేతా దలాల్ 1993లో తెచ్చిన ‘ది స్కామ్’ కూడా అందుకే నా జాబితాలో ఉంది. బ్యాంకుల మధ్య ఒక రసీదు కాగితం చేతులు మారుతూ కోట్లెలా అయిందో చదివితే, "పెద్దపెద్ద బ్యాంకులే పెట్టాయి, మనకేం భయం" అన్న మాట మళ్లీ నోట రాదు.

మేనల్లుడి జాబితాలో పైనున్నవి రెండు మిగిలాయి. ‘రిచ్ డాడ్ పూర్ డాడ్’ తెలుగులో కూడా దొరుకుతుంది, ఉత్సాహం ఇస్తుంది. కానీ మంచి అప్పు, చెడ్డ అప్పు అన్న తేడా పాతికేళ్లవాడికి ఇచ్చి చూడండి, వాడు చేసేదంతా మంచి అప్పే అవుతుంది. నేను పక్కన పెట్టమన్నాను. ఇంకోటి 1923 నాటి ‘రెమినిసెన్సెస్ ఆఫ్ ఎ స్టాక్ ఆపరేటర్’. ట్రేడింగ్ కుర్రాళ్లకి అది భారతం లాంటిది. ఆ కథకి మూలమైన జెస్సీ లివర్‌మోర్ లక్షల డాలర్లు గడించి, పోగొట్టుకుని, మళ్లీ గడించి, మళ్లీ పోగొట్టుకుని, 1940లో తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. పుస్తకం అంతకు పదిహేడేళ్ల ముందే అయిపోయింది కాబట్టి ఆ చివరి అధ్యాయం అందులో ఉండదు. వీడికి నేను చెప్పాల్సి వచ్చింది.

"నేను స్టాప్‌లాస్ పెడతా మావయ్యా" అన్నాడు. నష్టం ఒక గీత దాటగానే దానంతటదే అమ్మేసే ఏర్పాటు అది. అప్పుడు సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన అధ్యయనం చదివి వినిపించాను. మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. సగటున తలకి రెండు లక్షలు, అంతా కలిపితే లక్షా ఎనభై వేల కోట్ల పైమాట. వాడు కాసేపు ఆలోచించి, మిగిలిన ఏడు శాతం ఏం చదివారో తెలుసా అని అడిగాడు. తెలివైన ప్రశ్నే, అందుకే ఒళ్లు మండింది. ఎంత పోయిందో అడిగితే చెప్పలేదు. కానీ ఈ నెల చీటీ పాడమని వాళ్లమ్మని అడుగుతున్నాడని అక్క వంటింట్లో మా ఆవిడతో అనడం విన్నాను.

వెళ్లేటప్పుడు హలన్, బోగుల్ వాడి బ్యాగులో పెట్టాను. గ్రాహం తనే అడిగి తీసుకున్నాడు, ఆ ఉబ్బిన అట్టదే. మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. "మావయ్యా, మధ్యలోంచి మొదలుపెట్టొచ్చా? ఎనిమిదో అధ్యాయంలో తాతయ్య బేళ్ల గురించి నువ్వే గీతలు గీసి రాసినట్టున్నావ్." రాశాను, నాకు గుర్తే లేదు. మార్జిన్‌లో పెన్సిల్‌తో ఆరు బేళ్ల ధరలు ఉన్నాయట, వెనక్కి తెచ్చిన రోజువి, పదిహేను రోజుల తర్వాతవి. ఆ రెండు ఎందుకు తగ్గాయని అడిగాడు. తెలీదురా అన్నాను.

ఈలోపు అక్క ఫోన్ లాక్కుంది. పండక్కి ఇచ్చిన అరిసెల డబ్బా తిరిగి పంపలేదని, మా ఆవిడ నడుం నొప్పి ఎలా ఉందని అడిగి, చివర్లో గొంతు తగ్గించి, "ఒరే, వీడేమో నోరు విప్పడు. నువ్వు చెప్పు. పదో తారీకు చీటీ పాట ఉంది. పాడమంటావా, ఆగమంటావా?" అంది.

"నీకేదన్నా అవసరముంటే పాడుకో అక్కా" అన్నాను. "వాడి కోసమైతే ఆగు."